ప్రైవేటు పార్కింగు రుసుముపై ఫిర్యాదు

ప్రైవేటు పార్కింగు రుసుముపై ఫిర్యాదు అనగా, వాహనము నిలిపినందుకు ఒక ప్రైవేటు సంస్థ గానీ, గుత్తేదారు గానీ నిబంధనలకు విరుద్ధముగా వసూలు చేసిన సొమ్మును తిరిగి రాబట్టుకొనుటకు వాహనదారుడు అనుసరించు పద్ధతి. తెలంగాణలో ఇట్టి వివాదములకు ప్రత్యేకమైన అప్పీలు సంస్థ ఏదియు లేదు. అందువలన ఫిర్యాదు స్థానిక పురపాలక సంస్థకు గానీ, వినియోగదారుల కమిషనుకు గానీ వెళ్ళును. వివాదములో ఉన్న సొమ్ము సాధారణముగా ఇరవై, ముప్పై రూపాయలకు మించదు. ఈ స్వల్పత వలననే చాలామంది ఫిర్యాదు చేయరు. వసూలు చేయువారికి అదే ధైర్యము.

కొమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ వంటి మారుమూల మండల కేంద్రములో నివసించువారికి ఈ విషయములో మరొక ఇబ్బంది ఉండెడిది. హైదరాబాదులోని ఒక మాల్‌లో చెల్లించిన ముప్పై రూపాయల కొరకు దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి అక్కడి ఫోరంలో దావా వేయుట ఎవరికిని సాధ్యము కాదు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము, 2019 ఈ పరిస్థితిని మార్చినది. ఫిర్యాదుదారుడు తాను నివసించు ప్రాంతపు కమిషనులోనే ఫిర్యాదు దాఖలు చేయుటకు ఈ చట్టము వీలు కల్పించినది.

రుసుము, జరిమానా - భేదము

వాహనదారులు తరచుగా ఒకటిగా భావించునవి రెండు వేరువేరు విషయములు. రహదారిపై నిషిద్ధ ప్రదేశములో వాహనము నిలిపినందుకు పోలీసులు విధించునది జరిమానా. దీనికి ఆధారము మోటారు వాహనముల చట్టము, 1988. ఫోటో తీసి పంపు ఈ-చలానా ఈ కోవకు చెందినది. దానిపై అభ్యంతరము ఉన్నచో ట్రాఫిక్ పోలీసులకు తెలుపవలెను, లేదా న్యాయస్థానములో తేల్చుకొనవలెను. వినియోగదారుల కమిషనుకు దానితో సంబంధము లేదు.

ప్రైవేటు స్థలములో తీసికొను సొమ్ము దీనికి భిన్నమైనది. అది ఒక సేవకు ఇచ్చు ప్రతిఫలము మాత్రమే. వాహనము లోనికి తెచ్చునప్పుడు చీటీ తీసికొనుటతో ఇరుపక్షముల మధ్య ఒక ఒప్పందము ఏర్పడును. ఆ ఒప్పందమును మీరినందుకు జరిమానా విధించు అధికారము ప్రైవేటు సంస్థకు ఉండదు. భారత ఒప్పందముల చట్టము, 1872 లోని 74వ సెక్షను ప్రకారము ఒప్పందమును ఉల్లంఘించినప్పుడు, అందులో ఎంత సొమ్ము వ్రాసికొన్ననూ, న్యాయస్థానము ఆ మొత్తమునకు మించకుండా సమంజసమైన పరిహారము మాత్రమే ఇప్పించును. చీటీ పోగొట్టుకొన్నచో ఐదువందలు చెల్లించవలెనని బోర్డు వ్రాసి పెట్టినంత మాత్రమున ఆ ఐదువందలు సంస్థకు హక్కుగా రావు. చీటీ పోయినప్పుడు వాహనము యొక్క రిజిస్ట్రేషను పత్రము, గుర్తింపు కార్డు చూచి, యజమాని ఇతడేనని నిర్ధారించుకొనుటకు ఎంత శ్రమ, ఎంత ఖర్చు అయినదో అంతవరకే అడుగుట న్యాయము. చక్రములకు గొలుసు వేసి వాహనమును ఆపుటకు కూడా ప్రైవేటు గుత్తేదారుకు ఏ చట్టమును ప్రత్యేక అధికారము ఇవ్వలేదు.

బ్రిటనులో అప్పీలు పద్ధతి

ప్రైవేటు పార్కింగు సంస్థ విధించిన సొమ్ముపై అప్పీలు అను మాట ప్రధానముగా బ్రిటనుకు చెందినది. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఇది సుపరిచితమైన వ్యవహారము. ఇంగ్లండు, వేల్సులలో 2012 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన స్వేచ్ఛల రక్షణ చట్టము ప్రైవేటు స్థలములలో వాహనములకు చక్రబంధనము వేయుటను నిషేధించినది. దానికి బదులుగా, నడిపినవాడు ఎవరో తెలియనప్పుడు వాహనము ఎవరి పేరున ఉన్నదో వారినుండి సొమ్ము రాబట్టుకొనుటకు సంస్థలకు కొన్ని షరతులతో వీలు కల్పించినది. కెమెరా ద్వారా మాత్రమే వాహనమును గుర్తించినప్పుడు నోటీసు 14 రోజులలోపు యజమానికి అందవలెననునది ఆ షరతులలో ఒకటి. నోటీసుపై తేదీని మొట్టమొదట చూచుట అక్కడివారి అలవాటు.

నోటీసు అందుకొన్నవారు మొదట ఆ సంస్థకే అభ్యంతరము వ్రాయవలెను. సంస్థ తిరస్కరించినచో, అది బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యసంస్థ అయిన పక్షములో పోప్లా అను స్వతంత్ర సంస్థకు 28 రోజులలోపు ఉచితముగా అప్పీలు చేసికొనవచ్చును. పోప్లా నిర్ణయమునకు పార్కింగు సంస్థ కట్టుబడవలెను గానీ, వాహనదారుడు కట్టుబడవలసిన అవసరము లేదు. అతడు కోర్టులో వాదించుకొనవచ్చును. రెండవ సంఘమునకు చెందిన సంస్థలకు వేరొక అప్పీలు సేవ కలదు.

ఇట్టి సొమ్ము అసలు చెల్లునా అను ప్రశ్నపై 2015 నవంబరు 4న బ్రిటను సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. చెమ్స్‌ఫర్డ్ పట్టణములోని ఒక దుకాణ సముదాయములో రెండు గంటలు ఉచితముగా నిలుపుకొను వీలున్నది. బీవిస్ అను వ్యక్తి దాదాపు ఒక గంట అదనముగా ఉంచగా పార్కింగ్‌ఐ సంస్థ 85 పౌండ్లు కోరినది. ఆ మొత్తము సంస్థకు కలిగిన నష్టము కన్న ఎక్కువే అయినను, స్థలమును అందరికీ అందుబాటులో ఉంచుటయందు సంస్థకు న్యాయమైన ప్రయోజనము ఉన్నదని, బోర్డులు స్పష్టముగా ఉన్నవని, కావున ఆ సొమ్ము చెల్లునని కోర్టు నిర్ణయించినది. భారతదేశములో 74వ సెక్షను మాటలు వేరైనందున ఈ తీర్పును యథాతథముగా ఇక్కడికి తెచ్చుకొనుట తగదు.

తెలంగాణలో నిబంధనలు

వాణిజ్య భవనము కట్టువారు వాహనములకు స్థలము చూపనిదే భవన నిర్మాణ అనుమతి లభించదు. ఉమ్మడి రాష్ట్రములో 2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు ఉత్తర్వులోని భవన నిబంధనలు, ఏ రకపు భవనములో ఎంత భాగము పార్కింగుకు కేటాయించవలెనో నిర్దేశించినవి. అనుమతి కొరకు చూపిన స్థలమునే తరువాత ఆదాయ మార్గముగా మార్చుకొనుట సబబా అనునది ఈ వివాదములన్నిటికీ మూలమైన ప్రశ్న. 2019 జూలైలో గుజరాత్ హైకోర్టు ధర్మాసనము ఇదే ప్రశ్నను పరిశీలించి, మాల్స్, మల్టీప్లెక్సులు పార్కింగు రుసుము వసూలు చేయరాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు గుజరాత్ చట్టములను అనుసరించినది.

తెలంగాణ ప్రభుత్వము మధ్యేమార్గమును ఎన్నుకొన్నది. పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ 2018 మార్చి 20న జారీ చేసిన 63వ నంబరు ఉత్తర్వు మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయములలో రుసుమును క్రమబద్ధము చేసినది. ఇది 2018 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. దీని ప్రకారము మొదటి 30 నిమిషములకు ఎవరినుండియు రుసుము తీసికొనరాదు. ఏమియు కొనకపోయిననూ, ఎవరినో దింపి వెళ్ళిననూ ఇది వర్తించును. 30 నిమిషముల నుండి ఒక గంట వరకు, ఆ సముదాయములో ఎంత చిన్న మొత్తమునకైనను ఏదైనా కొన్నట్లు బిల్లు చూపినచో రుసుము ఉండదు. బిల్లు లేనివారు చెల్లించవలెను. గంట దాటిన తరువాత, బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ పార్కింగు రుసుము కన్న ఎక్కువ విలువ కలదై ఉన్నచో రుసుము ఉండదు.

ఉదాహరణకు ఒక మాల్‌లో రుసుము 30 రూపాయలు అనుకొనవలెను. ఒక వ్యక్తి 45 నిమిషములు ఉండి 20 రూపాయల టీ త్రాగి బిల్లు చూపినచో అతడు చెల్లించవలసినది ఏమియు లేదు. అదే వ్యక్తి గంటన్నర ఉండి అదే 20 రూపాయల బిల్లు చూపినచో, బిల్లు రుసుము కన్న తక్కువ కావున 30 రూపాయలు చెల్లించవలెను. అతని బిల్లు 150 రూపాయలైనచో మరల చెల్లించవలసినది లేదు. ద్వారము వద్ద జరుగు తగవులలో చాలా భాగము ఈ లెక్క ఇరువురికీ తెలియకపోవుట వలన కలుగునవే. బిల్లును దుకాణములోనే పారవేసి వచ్చినవారు నిబంధన తమవైపు ఉన్నను నిరూపించుకొనలేరు.

ఈ ఉత్తర్వులో చీటీని గురించి చెప్పిన భాగము అంతగా ప్రచారము పొందలేదు గానీ, ఫిర్యాదుదారునికి అదే ఎక్కువ ఉపయోగకరమైనది. సొమ్ము తీసికొన్ననూ, తీసికొనకపోయిననూ బయటకు వెళ్ళు ప్రతి వాహనమునకు చీటీ ఇవ్వవలెను. సొమ్ము తీసికొన్నచో చెల్లించినట్లును, లేనిచో మినహాయించినట్లును దానిపై ముద్ర ఉండవలెను. ముద్ర లేని చీటీ ఇచ్చుట, లేదా అసలు చీటీయే ఇవ్వక సొమ్ము తీసికొనుట స్వయముగా ఒక ఉల్లంఘన.

మాల్స్, మల్టీప్లెక్సులకు ఈ నిబంధనలు కొనసాగుచుండగా, ఒకే తెర గల సినిమా హాళ్ళకు 2021 జూలైలో ప్రభుత్వము రుసుము వసూలు చేసికొనుటకు అనుమతి ఇచ్చినది. కావున ఆదిలాబాదు, కరీంనగర్ వంటి పట్టణములలోని పాత సినిమా హాలులో రుసుము తీసికొన్నంత మాత్రమున అది అక్రమము కాదు.

నిబంధనలను ఉల్లంఘించినట్లు ఫిర్యాదులు అందినప్పుడు హైదరాబాదు మహానగర పాలక సంస్థ మాల్స్‌పై 50,000 రూపాయల వరకు జరిమానాలు విధించిన సందర్భములు కలవు. అయితే ఈ జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరునే గానీ వాహనదారునికి అతని ముప్పై రూపాయలు తిరిగి రావు. సొమ్ము తిరిగి కావలెనన్నా, పరిహారము కావలెనన్నా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవలసి ఉండును.

బస్టాండు, రైల్వే స్టేషను, అంగడి

జైనూర్ ప్రాంతవాసులకు మాల్ కన్న ఎక్కువగా ఎదురగునది బస్టాండులోని సైకిల్ స్టాండు. పేరు పాతదే అయినను ఇప్పుడు అక్కడ నిలుపబడునవి మోటారు సైకిళ్ళే. ఉట్నూరు మీదుగా ఆదిలాబాదుకో, మరొకవైపు ఆసిఫాబాదుకో బండిపై వెళ్ళి, దానిని స్టాండులో ఉంచి బస్సు గానీ రైలు గానీ ఎక్కువారు అనేకులు. జైనూరుకు రైలు మార్గము లేదు. ఆసిఫాబాద్ రోడ్, మంచిర్యాల, ఆదిలాబాదు స్టేషనులకు వెళ్ళవలసి ఉండును. ఈ స్టాండులను ఆర్టీసీ, రైల్వే టెండరు ద్వారా గుత్తేదారులకు అప్పగించును.

63వ నంబరు ఉత్తర్వులోని ఉచిత సమయము ఈ స్టాండులను ఉద్దేశించినది కాదు. ఇక్కడ ప్రమాణము గుత్తేదారుతో చేసికొన్న ఒప్పందములోని ధరల పట్టిక. అది స్టాండు వద్ద అందరికీ కనబడునట్లు ఉండవలెను. పట్టికలో ఉన్నదాని కన్న ఎక్కువ తీసికొనుట, రోజు లెక్కను తేదీ మారగానే రెండు రోజులుగా చూపుట, హెల్మెటుకు వేరుగా అడుగుట వంటివి తరచుగా వినవచ్చు ఆక్షేపణలు. రైల్వే స్టాండుపై 139 నంబరునకు గానీ, రైల్ మదద్ ద్వారా గానీ ఫిర్యాదు చేయవచ్చును. బస్టాండు విషయములో డిపో మేనేజరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఈ రెండు సంస్థలు గుత్తేదారుపై చర్య తీసికొనగలవు గనుక, చిన్న విషయములు ఇక్కడే తీరిపోవుట ఎక్కువ. కమిషనుకు వెళ్ళునప్పుడు గుత్తేదారుతో పాటు అతనికి స్థలము ఇచ్చిన సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చుట మంచిది. గుత్తకాలము ముగిసి గుత్తేదారు వెళ్ళిపోయిననూ ఆ సంస్థ అక్కడనే ఉండును.

వారపు అంగడిలో తైబజారు పేరుతో వసూలు చేయునది వేరు. అది ప్రధానముగా అమ్ముకొనువారినుండి తీసికొనునది. జైనూర్ మండలము షెడ్యూల్డు ప్రాంతములో ఉన్నందున, 1996 నాటి పెసా చట్టము ప్రకారము గ్రామ మార్కెట్ల నిర్వహణపై గ్రామసభకు అధికారము కలదు. అంగడివద్ద బండ్లకు సొమ్ము అడిగినప్పుడు దానికి పంచాయతీ తీర్మానము గానీ, వేలము గానీ ఉన్నదా అని కార్యదర్శిని అడుగుట మొదటి పని. తృప్తికరమైన సమాధానము రానిచో సోమవారము కలెక్టరు కార్యాలయములో జరుగు ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వవచ్చును.

జైనూర్ నుండి ఫిర్యాదు

పూర్వపు వినియోగదారుల రక్షణ చట్టము, 1986 లోని 11వ సెక్షను ప్రకారము, ప్రతివాది వ్యాపారము చేయు చోట గానీ, వివాదము పుట్టిన చోట గానీ ఫిర్యాదు దాఖలు చేయవలసి ఉండెడిది. హైదరాబాదు మాల్‌పై ఫిర్యాదు హైదరాబాదులోనే. రాను పోను ఛార్జీలు, వసతి, పోయిన కూలి లెక్కించినచో ఒక్క వాయిదాకే అసలు సొమ్మునకు అనేక రెట్లు ఖర్చగును. చట్టము కాగితముపై అందరికీ సమానమైనను, దూరపువారికి అది అందుబాటులో లేకుండెను.

2019 చట్టములోని 34వ సెక్షను పై రెండు చోట్లకు తోడు మూడవదానిని చేర్చినది: ఫిర్యాదుదారుడు నివసించు చోటు, లేదా జీవనోపాధి కొరకు స్వయముగా పనిచేయు చోటు. ఈ ఒక్క మార్పుతో ప్రయాణభారము ఫిర్యాదుదారుని నుండి వ్యాపారికి బదిలీ అయినది. ముప్పై రూపాయలు అన్యాయముగా తీసికొన్న సంస్థ తన న్యాయవాదిని ఆదిలాబాదుకు పంపవలసి వచ్చును.

జైనూర్ 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఆదిలాబాదు జిల్లాలో ఉండెడిది. జిల్లాలు పెరిగిననూ వినియోగదారుల కమిషనులు అదే నిష్పత్తిలో పెరగలేదు. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా వ్యవహారములను ఆదిలాబాదులోని జిల్లా వినియోగదారుల వివాదముల పరిష్కార కమిషను చూచుచున్నది. పాతవారు దీనిని ఇప్పటికిని ఫోరం అనియే పిలుచుచున్నారు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు మీదుగా అక్కడికి చేరవచ్చును. ఇదే విధముగా కరీంనగర్ ప్రాంతమువారికి కరీంనగర్‌లో కమిషను కలదు.

ఆదిలాబాదుకు కూడా వెళ్ళకుండా ఫిర్యాదును అంతర్జాలము ద్వారా దాఖలు చేయు సదుపాయము 2020 సెప్టెంబరులో ఈ-దాఖిల్ పేరుతో మొదలైనది. 2025 జనవరి నుండి ఈ-జాగృతి అను కొత్త వ్యవస్థ దాని స్థానములో వచ్చినది. తగిన కారణము చూపి దరఖాస్తు చేసికొన్నచో దృశ్య మాధ్యమము ద్వారా విచారణకు హాజరగుటకు కూడా 38వ సెక్షను వీలు కల్పించుచున్నది. సిగ్నలు నిలకడగా లేని గూడెములలో ఇది కాగితముపై కనబడినంత సులభము కాదు. అట్టివారు రిజిస్టరు పోస్టుపై ఆధారపడుటయే నయము.

సేవకు చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయల వరకు ఉన్నచో ఫిర్యాదుకు కోర్టు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదుదారుడే వాదించుకొనవచ్చును. న్యాయవాది కావలెనను వారికి న్యాయసేవల అధికార సంస్థల చట్టము, 1987 లోని 12వ సెక్షను సహాయపడును. దాని ప్రకారము షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచిత న్యాయసహాయము పొందు అర్హత కలదు. ఆ చట్టములో కోర్టు అను పదమునకు న్యాయాధికారము గల ఇతర సంస్థలును చేరును. గోండులు అధికముగా నివసించు జైనూర్ మండలములో ఈ నిబంధన చాలామందికి వర్తించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థను 15100 నంబరు ద్వారా సంప్రదించవచ్చును.

సాక్ష్యము, ఫిర్యాదు పత్రము

డబ్బు ఇవ్వకుండా గొడవపడి వెళ్ళిపోయిన వ్యక్తి వినియోగదారుడని నిరూపించుకొనుట కష్టము. సొమ్ము చెల్లించి సేవ పొందినవారికే ఆ హోదా సులభముగా లభించును. కావున రుసుము అన్యాయమని తోచినప్పుడు, తన అభ్యంతరమును తెలిపి, చెల్లించి, చీటీ తీసికొనుట ఉత్తమము. చీటీ, కొనుగోలు బిల్లు రెండింటిపైనను సమయము ముద్రించబడి ఉండును. లోనికి వచ్చిన సమయము, బయటకు వెళ్ళిన సమయము, కొనుగోలు సమయము ఈ మూడును కలిసినచో వాదము దాదాపు పూర్తియైనట్లే. యంత్రపు చీటీలపై అక్షరములు కొన్ని నెలలలో వెలిసిపోవును. వాటికి వెంటనే ఫోటో గానీ, జిరాక్సు గానీ తీసి ఉంచవలెను. ధరల బోర్డుకు, బోర్డు లేనిచో అది లేని ద్వారమునకు ఫోటో తీయవలెను.

చీటీ ఇవ్వనన్నచో ఫోను ద్వారా చెల్లించుట మేలు. ఎవరి ఖాతాకు, ఎంత, ఏ నిమిషమున వెళ్ళినదో బ్యాంకు లెక్కలో నిలిచిపోవును. సంస్థ పేరునకు బదులు అక్కడ నిలబడిన పనివాని సొంత పేరు కనబడుట కూడా ఒక సాక్ష్యమే. రశీదు ఇవ్వకపోవుట 2019 చట్టములోని 2వ సెక్షను 47వ నిర్వచనము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి.

ఫిర్యాదుకు ముందు సంస్థకు ఒక నోటీసు పంపుట ఆచారము. ఏ తేదీన, ఏ వాహనము, ఎంతసేపు నిలిపినది, ఎంత తీసికొన్నది, 63వ నంబరు ఉత్తర్వులోని ఏ అంశమునకు అది విరుద్ధము అనునవి చెప్పి, పదిహేను రోజుల గడువు ఇచ్చి, రిజిస్టరు పోస్టులో పంపినచో చాలును. మాల్ యాజమాన్యమునకు, పార్కింగు నడుపు సంస్థకు వేరువేరుగా పంపవలెను, ఏలయనగా ఇరువురును బాధ్యతను ఒకరిపై ఒకరు నెట్టుట పరిపాటి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము 1915 నంబరునకు తెలుగులో చెప్పుకొనవచ్చును. అక్కడ ఆదేశములు ఇవ్వరు, రాజీకి ప్రయత్నింతురు.

సంస్థ స్పందించనిచో ఫిర్యాదు పత్రము తయారు చేయవలెను. సంఘటన జరిగిన నాటి నుండి రెండు సంవత్సరములలోపు దాఖలు చేయవలెనని 69వ సెక్షను చెప్పుచున్నది. ఇరుపక్షముల చిరునామాలు, జరిగిన విషయము, కోరు పరిహారము వ్రాసి, నకళ్ళు, ప్రమాణ పత్రము జతచేయవలెను. జైనూర్ నివాసమును చూపు ఆధార్ గానీ, రేషను కార్డు గానీ జతపరచుట మరువరాదు. ఆదిలాబాదు కమిషనుకు విచారణాధికారము కలుగునది దానివలననే. పరిహారమును లక్షలలో కోరుట కొందరికి అలవాటు. ముప్పై రూపాయల వివాదములో అది ఫిర్యాదు యొక్క గౌరవమును తగ్గించునే గానీ పెంచదు.

ఒకే విధముగా నష్టపోయిన పలువురు, కమిషను అనుమతితో, కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చును. ఒక్క వ్యక్తికి కాక అందరు వినియోగదారులకును నష్టము కలిగించు పద్ధతి అయినచో, 17వ సెక్షను క్రింద జిల్లా కలెక్టరుకు వ్రాయు మార్గము కూడా కలదు.

విచారణ

ఫిర్యాదును స్వీకరించునదీ లేనిదీ సాధారణముగా 21 రోజులలో తేల్చవలెను. స్వీకరించిన తరువాత ప్రతివాదికి నోటీసు వెళ్ళును. అతడు 30 రోజులలో, కమిషను అనుమతించినచో మరి 15 రోజులలో జవాబు ఇవ్వవలెను. ఇరుపక్షములు ఒప్పుకొన్నచో విషయము మధ్యవర్తిత్వమునకు పోవును. పరీక్షలు అవసరము లేని ఫిర్యాదును మూడు నెలలలో ముగించుటకు ప్రయత్నించవలెనని చట్టము చెప్పుచున్నను, ఆచరణలో అంతకన్న ఎక్కువ కాలము పట్టుట సాధారణము.

ఫిర్యాదు రుజువైనచో సొమ్ము వాపసు, పరిహారము, ఖర్చులు ఇప్పించుటతో పాటు, ఆ పద్ధతిని మానివేయవలెనని కమిషను ఆదేశించగలదు. 39వ సెక్షనులోని మరొక అధికారము గమనింపదగినది. గుర్తింపనలవికాని పెద్ద సంఖ్యలో వినియోగదారులు నష్టపోయినట్లు తోచినచో, అట్లు అందించిన సేవల విలువలో 25 శాతమునకు తగ్గని మొత్తమును చెల్లించుమని ఆదేశించవచ్చును. 1986 చట్టములో ఇది 5 శాతముగా ఉండెడిది. రోజుకు వేల వాహనములు వచ్చు మాల్ విషయములో ఇది చిన్న మొత్తము కాదు.

వాహన యజమాని బాధ్యతపైనే అను వాక్యము

పార్కింగు చీటీల వెనుక, వాహనమునకు ఏమి జరిగిననూ సంస్థ బాధ్యత వహించదని ముద్రించుట వాడుక. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలులో ఒక అతిథి తన మారుతి కారు తాళపుచెవులను హోటలు సిబ్బందికి అప్పగించగా, ఇతరులు ఆ కారును తీసికొని పోయిరి. చీటీపై ఇట్టి వాక్యమే ఉన్నది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు, తాళములు తీసికొని వాహనమును తన అధీనములో ఉంచుకొన్న హోటలు దానిని భద్రముగా తిరిగి ఇవ్వవలెనని, తన అజాగ్రత్త వలన కలిగిన నష్టమునుండి ఆ వాక్యము హోటలును రక్షించదని తీర్పు చెప్పినది. తాళము యజమాని వద్దనే ఉండు సైకిల్ స్టాండునకు ఈ తీర్పు నేరుగా వర్తించునని చెప్పలేము. అక్కడ వాహనము ఎవరి అధీనములో ఉన్నదను ప్రశ్న మొదట తేలవలెను. చీటీ తిరిగి ఇవ్వనిదే బండి వదలని స్టాండులో, అధీనము గుత్తేదారుదే అని వాదించుటకు అవకాశము ఎక్కువ.

అప్పీలు

జిల్లా కమిషను ఉత్తర్వుపై 45 రోజులలోపు హైదరాబాదులోని రాష్ట్ర కమిషనుకు అప్పీలు చేసికొనవచ్చును. సొమ్ము చెల్లించుమని ఆదేశము పొందిన పక్షము అప్పీలు వేయదలచినచో ఆ మొత్తములో సగము ముందుగా జమ చేయవలెను. రాష్ట్ర కమిషను నిర్ణయముపై ముఖ్యమైన న్యాయసూత్రము ఇమిడి ఉన్నప్పుడు మాత్రమే జాతీయ కమిషనుకు రెండవ అప్పీలు ఉండును. అప్పీలు లేకుండా ఉత్తర్వును పాటించని ప్రతివాదికి 72వ సెక్షను క్రింద ఒక నెల నుండి మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష గానీ, 25,000 రూపాయలకు తగ్గకుండా లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండును గానీ విధించవచ్చును. ఉత్తర్వు అమలు కొరకు దరఖాస్తును కూడా ఆదిలాబాదులోనే, ఉత్తర్వు ఇచ్చిన కమిషనులోనే వేయవలెను.